అక్కడ ఎకరం ఎంతమ్మా?

నాన్న ఏ ఊరి పేరు విన్నా ముందు అడిగేది ఒకటే: అక్కడ ఎకరం ఎంత? నన్ను చూసుకోడానికి వచ్చిన పెళ్ళివారిని కాఫీలు కాకముందే అడిగేశాడు. అమ్మ గుమ్మం చాటు నుంచి కళ్ళెర్రజేసింది. సొంతానికి సెంటు పొలం లేని మనిషికి గోదావరికి ఇటూ అటూ ఉన్న ఊళ్ళ రేట్లన్నీ నోటికొచ్చు. కడియం దగ్గర ఒకాయన పొలం రెండెకరాలు కౌలుకి తీసుకుని ఇరవై ఆరేళ్ళు నర్సరీ నడిపాడు. ముందు గులాబీలు, మందారాలు, క్రోటన్లు, వెనక వరసలో మామిడి అంట్లు. మా చదువులూ నా పెళ్ళీ అన్నీ ఆ నల్ల ప్లాస్టిక్ సంచుల్లోంచి మొలిచినవే.

మావారి ఉద్యోగం వల్ల 2011 సెప్టెంబరులో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వెళ్ళాం. ఆరేళ్ళున్నాం. ఆ ఆరేళ్ళలో మూడుసార్లు ఎగ్ అనే దీవికి వెళ్ళాను. గుడ్డు కాదండీ, స్పెల్లింగులో ఒక ఐ ఎక్కువ. అక్కడి గేలిక్ భాషలో గాటు, నొక్కు అనే మాట నుంచి వచ్చిందంటారు. మధ్యలో కొండ దిగిపోయి నిజంగానే నొక్కుపడ్డట్టు ఉంటుంది. దానికి ‘పెద్దాడవాళ్ళ దీవి’ అని ఇంకో పేరు కూడా ఉంది. పూర్వం పడవ మీదున్నప్పుడు దీవి అసలు పేరు ఎత్తకూడదట, ఈ రెండో పేరే అనాలట. రాత్రిపూట పాముని పురుగు అనే మా నాయనమ్మకి ఇది వెంటనే అర్థమై ఉండేది.

మావారి ఆఫీసులో ఒకతను చెప్పాడు ఈ దీవి సంగతి. అక్కడ కౌలుకున్నవాళ్ళే కలిసి దీవి మొత్తం కొనేసుకున్నారని. నాకు ఆ ముక్క చెవిలో పడింది చాలు, కొండలూ సముద్రమూ తర్వాత సంగతి.

మొదటిసారి 2012 మే చివర్లో వెళ్ళాం. గ్లాస్గో నుంచి మాలేగ్ రేవు దాకా ఐదు గంటల పైన రైలు. దారిలో రానక్ మూర్ అని ఒక బురదనేల వస్తుంది, అరగంట సేపు ఒక్క ఇల్లు కనపడలేదు. మాలేగ్‌లో దిగితే చేపల వాసన, సీగల్స్ గోల. మా కాకినాడ రేవు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. అక్కణ్ణించి లోక్‌నెవిస్ అనే ఫెర్రీ. రమ్, ఎగ్, మక్, కానా అని నాలుగు చిన్న దీవులకీ ఏడాది పొడవునా తిరిగేది అదే. బయటివాళ్ళ కార్లు ఎక్కించుకోరు. ఎక్కేది మనుషులూ, వాళ్ళ మూటలూ, దీవి వాళ్ళకి కావలసిన సరుకులూ. నా మూటలో సోనా మసూరి, ఆవకాయ, రైస్ కుక్కర్. మావారు ఆ కుక్కర్‌ని చూసి సిగ్గుపడుతూనే ఉన్నారు దారంతా.

గంట దాటాక దీవి కనిపించింది. పడుకున్న ఎద్దు మూపురంలా ఒక నల్లటి గుట్ట పైకి లేచి ఉంది. దాన్ని అన్ స్కూర్ అంటారు, ఎత్తు 393 మీటర్లు. దీవి మొత్తం తొమ్మిది కిలోమీటర్ల పొడవు, ఐదు కిలోమీటర్ల వెడల్పు. అంతలోనే కొండ, గడ్డిభూమి, ఇసుక, అడవి, బురద అన్నీ కుక్కినట్టు ఉన్నాయి.

ఆ గుట్ట గురించి కాస్త చెప్పాలి. కింద మెట్లు మెట్లుగా ఉన్నది బసాల్ట్, అంటే మన నల్లరాయి. అట్లాంటిక్ సముద్రం తెరుచుకుంటూ గ్రీన్‌లాండ్, స్కాట్లాండ్ విడిపోతున్న కాలంలో అగ్నిపర్వతాలు కక్కింది. ఆ రాయి మీద ఒక నది పారి లోయ కోసుకుంది. తర్వాత, ఇప్పటికి సుమారు 5.8 కోట్ల ఏళ్ళ కిందట, ఇంకో అగ్నిపర్వతం ఆ లోయని నిండా పూడ్చేసింది. అది గట్టిపడి పిచ్‌స్టోన్ అయింది. గాజులా మెరిసే గట్టి రాయి. చుట్టూ ఉన్న మెత్తటి గట్లు వానకీ మంచుకీ అరిగిపోయాయి, లోయలో పడ్డది మాత్రం నిలబడింది. అంటే ఒకప్పటి ఏటి అడుగు ఇప్పుడు కొండ కొన. ఆ రాయి అడుగున పాత ఏటి గులకరాళ్ళు, వాటి మధ్య రాయిగా మారిన పైన్ చెట్టు కలప దొరికాయి.

గులకరాళ్ళ సంగతి చెప్తే నాన్న నమ్మాడు. గోదావరి దారి మార్చుకోవడం చూసినవాడు కదా. నేను చెప్పిన ఇంకో సంగతే నమ్మలేదు. రాజమండ్రి పక్కన కాతేరు క్వారీల్లో ఉన్నదీ ఇలాంటి అగ్నిపర్వతం రాయేనని, దానికి 6.6 కోట్ల ఏళ్ళని, ఎగ్ రాయి దానికంటే చిన్నదని చెప్పాను. మా ఇంటి పునాదిలో ఉన్నవి కాతేరు రాళ్ళే. “మన పునాది అంత పాతదైతే ఇల్లు ఇన్నిసార్లు ఎందుకు బీటలు వారుతోందే అమ్మలూ?” అన్నాడు. మాది నల్లరేగడి, వేసవిలో నెర్రెలిస్తుందని ఆయనకి తెలియక కాదు, నన్ను ఏడిపించడానికి.

మేం దిగింది క్లీడేల్ అనే చోట ఒక చిన్న ఇంట్లో. దీవికి పడమటి వైపు, వెనక నిట్రంగా కొండ అంచు, ముందు పొడుగాటి పట్టెలుగా కోసిన పొలాలు. కౌలు మీద సాగు చేసుకునే ఆ చిన్న కమతాల్ని క్రాఫ్టులంటారు. ఇంటావిడ తాళాలిస్తూ నా కుక్కర్ వైపు చూసింది. తిరగేసి, అడుగున ఉన్న స్టిక్కర్ మీద కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఏడొందల వాట్లు. “సరే, కానీ కెటిలూ వాషింగ్ మెషీనూ ఓవెనూ ఒకేసారి వేయకండి” అంది.

ఆ దీవికి బయటి నుంచి కరెంటు రాదు. 2008 ఫిబ్రవరి దాకా ఎక్కువమంది ఎవరింటికి వాళ్ళు డీజిల్ జనరేటర్లు తిప్పుకునేవారు. ఆ తర్వాత సొంతంగా పెట్టుకున్నారు: వాగుల మీద చిన్న టర్బైన్లు, స్కూర్ కింద నాలుగు గాలిమరలు, ఒక మూల సోలార్ పలకలు. ఇంటికి 5 కిలోవాట్లు, వ్యాపారానికైతే 10. దాటితే ఫ్యూజు పోతుంది. ధనవంతుడైనా అంతే, ముసలమ్మ అయినా అంతే. ఆ మూడు రోజులూ నేను అన్నం వండుతున్నంతసేపూ మావారు కెటిల్ దగ్గర కాపలా కాశారు. మొత్తం లెక్కేస్తే నాలుగు కిలోవాట్లు కూడా దాటదని తర్వాత తేలింది, కానీ టెన్షన్ టెన్షనే.

ఆ ఇంటి నుంచి ఉత్తరంగా నడిస్తే పాడే ఇసుక ఉంది. సన్నటి తెల్లటి పలుగురాయి ఇసుక. ఎండి ఉంటే అడుగు వేసినప్పుడల్లా కీచుమంటుంది. పాట అనడం కాస్త ఎక్కువే. మా పెదనాన్న కొత్త కిర్రుచెప్పులేసుకుని సంతకి బయల్దేరితే వచ్చే చప్పుడు అది. తడిసిందంటే మూగదే. రెండోసారి వెళ్ళినప్పుడు రోజంతా వాన, కుయ్యిమనలేదు. పక్కనున్న లేగ్ బే ఒడ్డున ఇసుకరాతిలో ఫిరంగి గుళ్ళలా గుండ్రటి రాళ్ళుంటాయి. 1844లో హ్యూ మిల్లర్ అనే ఆయన ఈ దీవి ఒడ్డున తిరిగి పూర్వకాలపు సముద్రపు సరీసృపాల ఎముకలు ఏరాడు. అసలు పని తాపీ, రాళ్ళు చెక్కేవాడు. రాళ్ళు చూసీ చూసీ భూగర్భ శాస్త్రవేత్త అయ్యాడు. నాకు ఆయన మీద ప్రత్యేకమైన అభిమానం ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇక మొక్కలు. నాన్న కోసమే చూశానేమో అనిపిస్తుంది ఇప్పుడు. కొండ అంచు కింద హేజెల్ చెట్ల పొదలు, వాటి నీడలో నేలంతా బ్లూబెల్స్. నీలం అంటే చీర ఆరేసినట్టు కాదు, కూర్చుని దగ్గరగా చూస్తే ఒక్కో కాడ ఒక పక్కకే వంగి, గంటలన్నీ ఒకే వైపు వేలాడుతూ ఉంటాయి. గట్ల మీద లేత పసుపు ప్రిమ్‌రోజులు. నీరు నిలిచేచోట పసుపు ఐరిస్‌లు, ఆకులు అచ్చం వస ఆకుల్లా. సముద్రం పక్క రాతి పగుళ్ళలో, చెంచాడు మట్టి కూడా లేనిచోట, థ్రిఫ్ట్ అనే గులాబీరంగు పూల కుచ్చులు. థ్రిఫ్ట్ అంటే పొదుపు కదా, అందుకని బ్రిటన్ వాళ్ళు ఒకప్పుడు మూడు పెన్నీల నాణెం మీద ఈ మొక్కనే వేశారు. బురదనేలలో కాటన్ గ్రాస్, పత్తి కాయ పగిలినట్టు తెల్లటి కుచ్చులు. దాని మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుంటే సన్‌డ్యూ కనిపించింది. బొటనవేలి గోరంత ఎర్రటి ఆకులు, అంచుల నిండా జిగురు చుక్కలు, ఒకదాని మీద అతుక్కుపోయిన దోమ. ఆ నేలలో సత్తువ ఉండదు, అందుకే అది పురుగుల్ని తిని బతుకుతుంది.

చెట్లు తక్కువే. గాలి ఉండనివ్వదు. ఉన్నవి కూడా ఎవరో మెడ పట్టి తోసినట్టు ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. ఒక్క లాడ్జ్ దగ్గర మాత్రం వేరే లోకం. 1920లలో రన్సిమన్ అనే కుటుంబం దీవి కొని, అక్కడ బంగళా కట్టి, చుట్టూ చెట్ల అడ్డు పెంచి తోట వేసింది. ఆ తోటలో పామ్ మొక్కలున్నాయి! ఫోన్లో చెప్తే నాన్న ఒప్పుకోలేదు.

“పామ్ ఏంటి, మంచులోనా?”

“అట్లాంటిక్‌లో వెచ్చటి నీళ్ళ ప్రవాహం ఒకటి అటు వస్తుంది నాన్నా. ఒడ్డున మంచు పెద్దగా నిలవదు.”

“కుండీలోనా, నేల మీదా?”

“నేల మీదే.”

కాసేపు మాట్లాడలేదు. నేల మీద పామ్ పెట్టాలంటే ఆ నేల మనదై ఉండాలి. ఆయన నర్సరీలో ఇరవై ఆరేళ్ళూ పామ్‌లన్నీ కుండీల్లోనే ఉన్నాయి. మామిడి తల్లిచెట్లు రెండు మాత్రం నేలలో పెట్టాడు, అంట్లకి కొమ్మలు కావాలి కాబట్టి.

అప్పుడే అడిగాడు, “ఇంతకీ అక్కడ ఎకరం ఎంతమ్మా?”

ఈసారి నా దగ్గర లెక్క ఉంది. 7,400 ఎకరాలు, 1997 జూన్ 12న 15 లక్షల పౌన్లకి కొన్నారు. ఎకరానికి రెండొందల పౌన్ల చిల్లర. అప్పటి రేటులో దగ్గర దగ్గర పన్నెండు వేల రూపాయలు. అవతల నాన్న నవ్వు ఆగలేదు. “పన్నెండు వేలకి కడియంలో లారీ మట్టి కూడా రాదే! మరి వాళ్ళకి డబ్బెక్కడిది?”

వాళ్ళకీ లేదు. అప్పటికి దీవిలో ఉన్నది అరవై మంది చిల్లర. తరాల తరబడి దీవి ఒకరి నుంచి ఒకరికి అమ్ముడుపోతూ వచ్చింది, మనుషులతో సహా. 1975లో కొన్న షెలెన్‌బర్గ్ అనే ఆసామికీ అక్కడివాళ్ళకీ పడలేదు. 1886 నుంచి చట్టం క్రాఫ్టులున్నవాళ్ళని కాపాడుతూ వచ్చింది, కానీ ఎస్టేటు ఇళ్ళలో ఉన్నవాళ్ళకి సరైన కాగితం లేదు. కాగితం లేని ఇంటికి కప్పు ఎవరు వేయిస్తారు? 1994లో ఆసామి పాత రోల్స్ రాయిస్ కారు షెడ్డులో కాలిపోయింది. ఎవరి పనో తేలలేదు. మరుసటేడు ఒక జర్మన్ చిత్రకారుడు కొన్నాడు, రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ అమ్మకానికి పెట్టాల్సి వచ్చింది. అప్పుడు దీవి జనం జోలె పట్టారు. వేలమంది చిన్న చిన్న మొత్తాలు పంపారు, పేరు చెప్పని ఒకావిడ పెద్ద మొత్తం ఇచ్చింది. ఇప్పుడు దీవి ఒక ట్రస్టుది. అందులో దీవి వాళ్ళ సంఘం, హైలాండ్ కౌన్సిల్, స్కాటిష్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఉన్నాయి. రేవు దగ్గర దానికి గుర్తుగా ఒక రాయి నిలబెట్టారు.

నాన్న అంతా విని, “అందరిదీ అంటే కంచె ఎవరు వేస్తారే?” అన్నాడు. అదే మాట మా ఇంటావిడని అడిగాను రెండోసారి వెళ్ళినప్పుడు. పెద్దగా నవ్వింది. ఇదివరకు దొరతో పోట్లాడేవాళ్ళం, ఇప్పుడు మీటింగుల్లో మాలో మేం పోట్లాడుకుంటున్నాం అంది. కంచె మాత్రం పడిందట.

ఆ రోజుల్లోనే మన దగ్గర కౌలుదార్లకి రుణ అర్హత కార్డులని కొత్తగా ఇస్తుండేవారు. 2011లో చట్టం వచ్చింది. నాన్న కార్డు మాటెత్తితే, పొలం ఆసామి చాలా మర్యాదగా, ఇబ్బందైతే పొలం వదిలేయండి మేస్త్రీ అన్నాడట. నాన్న మళ్ళీ ఎత్తలేదు.

రెండోసారి 2013 ఆగస్టు. కొండంతా హెదర్ పూసి ఊదారంగు. ఇళ్ళ ముందు ఫ్యూషియా కంచెలు, దారి పక్కన నారింజరంగు మాంట్‌బ్రేషియాలు. రెండూ బయటి దేశాల నుంచి వచ్చి సొంతూరిలా పాతుకుపోయినవే. మిడ్జెస్ అనే నుసిమంతటి దోమలు మాత్రం ఆ అందాన్ని నిలబడి చూడనివ్వవు. ఆ ఏడు చూసింది ఎక్కువగా బ్రాకెన్. మేలో పసిపిల్ల పిడికిలిలా చుట్టుకుని లేచే ఫెర్న్ మొక్క, ఆగస్టుకి నడుమెత్తు పెరిగి పొలాలకి పొలాలు మింగేస్తుంది. తమ్ముడి ఫోన్‌కి ఫొటో పంపాను. నాన్న చూసి, “ఇక్కడ ఫెర్న్ కుండీ అరవైకి అమ్ముతుంటే అక్కడ కలుపా!” అని ఆశ్చర్యపోయి, తర్వాత, “పశువుల్ని తగ్గించేసినట్టున్నారు. బరువైన గొడ్లు తొక్కితే ఇది లేవదు” అన్నాడు.

ఆ సంగతి ఇంటావిడకి ఫోన్ చేసి చెప్పాను. క్లీడేల్‌లో ముసలివాళ్ళు అనేదీ అదేనట. ఆవులున్నన్నాళ్ళూ బ్రాకెన్ అదుపులో ఉండేది, గొర్రెలు సన్నటి కాళ్ళతో దాని మధ్య నుంచి నడిచిపోతాయి అని. మీ నాన్నగారు ఎప్పుడొచ్చారు ఇక్కడికి అని అడిగింది.

గొర్రెలంటే గ్రూలిన్ చెప్పాలి. స్కూర్‌కి దక్షిణం వైపు కింద ఉన్న ఊరు. 1853లో ఆ నేల గొర్రెలకి కావలసి వచ్చి, పద్నాలుగు కుటుంబాల్ని ఖాళీ చేయించారు. ఎక్కువమంది నోవా స్కోషియాకి ఓడెక్కారు. ఆ దీవిలో అంతకంటే ఘోరాలు జరిగాయి: 617లో డొనన్ అనే సన్యాసినీ ఆయన మఠం వాళ్ళనీ చంపారు. 1577లో మెక్‌లౌడ్లు ఒక గుహ ముందు మంట వేసి, లోపల దాక్కున్న దీవి జనాన్ని పొగతో చంపారని చెబుతారు, 395 మంది అంటారు. ఆ గుహలోకి పాకుతూ పోవాలి. మావారు టార్చి పట్టుకుని వెళ్ళి రెండు నిమిషాల్లో బయటికొచ్చి, ఆ సాయంత్రం ఎక్కువ మాట్లాడలేదు. నేను దూరలేదు. నాకు మాత్రం గ్రూలినే నిలిచిపోయింది.

2017 జూన్‌లో, గ్లాస్గో వదిలి వచ్చేసే ముందు, అక్కడికి ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. కొండ మీంచి దొర్లిన బండల మధ్య మోకాలెత్తు గోడలు. కప్పులు లేవు. ఏది ఇల్లో ఏది బండో ముందు తెలియలేదు. కాసేపటికి పట్టేశాను. గోడల లోపల నెటిల్స్ గుబురుగా ఉన్నాయి, బయట లేవు. దూలగొండిలా తగిలితే చర్మం మండే మొక్క. ఒక గుమ్మంలో నిలబడి గోడ మీద చెయ్యి వేయబోయి మణికట్టు కాల్చుకున్నాను. అక్కడ సిగ్నల్ లేదు. రాత్రి క్లీడేల్ వచ్చాక నాన్నకి చెప్పాను.

“బూడిద, పేడ, కడుగునీళ్ళు” అన్నాడు వెంటనే. “మనిషి కాపురం చేసిన నేలకి బలం వస్తుంది. అలాంటి మొక్క ఆ బలాన్ని వెతుక్కుంటూ వస్తుంది. ఎన్నేళ్ళైంది వెళ్ళిపోయి?”

“నూట అరవై నాలుగు.”

“అబ్బో” అన్నాడు.

మేం హైదరాబాద్ వచ్చేసిన మరుసటేడు పొలం ఆసామి కొడుకులు ఆ రెండెకరాలూ లేఅవుట్‌కి అమ్మేశారు. సంక్రాంతి దాకా గడువిచ్చారు. కుండీలూ సంచులూ పన్నెండు ట్రాక్టర్ల మీద వెళ్ళాయి, సగం అప్పులవాళ్ళకి, సగం తెలిసిన నర్సరీలకి. మామిడి తల్లిచెట్లు రెండూ కదిలేవి కావు. రెండో చెట్టు కొట్టేరోజు నాన్న పెందలాడే పడుకున్నాడని అమ్మ చెప్పింది.

ఏడాది తర్వాత వెళ్ళినప్పుడు, చూద్దాం రమ్మని నాన్నే నన్ను బండి ఎక్కించుకున్నాడు. ఎర్ర కంకర రోడ్లు, మధ్యలో పసుపురంగు నంబరు రాళ్ళు. ఒక్క ఇల్లూ లేవలేదు. నాన్న రాళ్ళ మధ్య నడుస్తూ ఇది గులాబీల మడి, ఇది బోరు, ఇక్కడ నువ్వు పదోతరగతి పరీక్షలకి చదువుకున్న షెడ్డు అని చూపిస్తున్నాడు. మిగతా ప్లాట్లలో తుమ్మ, గడ్డి. ఇరవై రెండో నంబరు నుంచి ఇరవై ఐదు దాకా మాత్రం కనకాంబరాలు. ఎవరూ వేయలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు.

“ఆ దీవిలో మంటపెట్టే మొక్క, పేరేదో అన్నావు?”

“నెటిల్స్ నాన్నా.”

“ఆఁ, అదే” అంటూ వంగి, ఎండిన కనకాంబరం వెన్నులు నాలుగు తుంచి చొక్కా జేబులో వేసుకున్నాడు. బండి దాకా వచ్చేసరికి చెమటకి తడిసి కాయలు జేబులోనే టప్‌టప్‌మని పేలడం మొదలెట్టాయి.